పాత గరిటె

కళ్లజోళ్ల దుకాణం, వెనక గది
జనవరి 9

తమ్ముడూ,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. పద్దెనిమిది రోజుల్లో నలభై సార్లయినా చేసి ఉంటాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. అద్దాలు అరగదీసే మిషను ఆపి భోజనం వేళలో రాస్తున్నాను, అక్షరాలు గజిబిజిగా ఉంటే సర్దుకుని చదువుకో.

మొన్న మంగళవారం జైల్లో మీ బావను చూశాను. ఆరు గంటలు బస్సులో కూర్చుని వెళ్తే పదిహేను నిమిషాలు మాట్లాడనిచ్చారు. మనిషి చిక్కిపోయాడు. పద్నాలుగేళ్లు వెయిటరుగా నిలబడిన మనిషి, ఇప్పుడు రోజంతా కూర్చుని కాళ్లు వాచాయి. నేను ఏడుస్తానని ముందే పసిగట్టి, ఇక్కడ మెనూ చిన్నదే, కంఠతా పట్టే పని లేదు అన్నాడు. తర్వాత చెప్పింది ఒక్కటే.

"మీ తమ్ముణ్ని అడుగు. నేను కిటికీ దగ్గర చెప్పాను, వాడు విన్నాడు."

నాకు తెలిసింది ఇంత. డిసెంబర్ ఇరవై రెండున మీ హోటల్లో తొమ్మిదేళ్ల పాప పాస్తా తిని చనిపోయింది. ఆ పాపకు జీడిపప్పు పడదు. ఆ సంగతి వాళ్లమ్మ మీ బావకు చెప్పింది. మీ బావ వంటగదికి చెప్పలేదని పోలీసులు అంటున్నారు. అలా ఎలా అంటారో నాకు అర్థం కావడం లేదు. ఆయన ఇంట్లో హోటల్ సంగతులు ఎత్తేవాడు కాదు, సెలవుకు వస్తే నిద్రపోవడంతోనే సరిపోయేది. కాబట్టి నాకేమీ తెలియదనుకుని మొదటినుంచీ రాయి. వంట చేసింది నువ్వు. నీకంటే బాగా చెప్పగలిగినవాళ్లు లేరు.

నీ గదికి కూడా వచ్చాను. తాళం వేసి ఉంది. ఇప్పుడే బయటికి వెళ్లాడని పక్కగది అతను చెప్పాడు. కిటికీలోంచి చూస్తే స్టవ్ మీద పాలగిన్నె ఉంది, పాలమీద ఆవిరి ఇంకా తగ్గలేదు. గంటసేపు మెట్ల మీద కూర్చుని, బస్సు వేళయిందని వచ్చేశాను.

మీ నాన్న పనిమీద ఉన్నాడని నీ మేనకోడలికి చెప్పాను. పదహారేళ్ల పిల్ల, నమ్మినట్టు నటించింది.

అక్క


హోటల్ వెనక మెట్లు
జనవరి 17

అక్కా,

నా ఫోన్ పోలీసుల దగ్గర ఉంది. ఆ రోజు పాలు పెట్టి కూరగాయలకు వెళ్లాను. నిన్ను తప్పించుకోవాల్సిన అవసరం నాకేముంది?

అడిగావు కాబట్టి రాస్తున్నాను. కోట గుమ్మం నుంచి సముద్రం దాకా మాది ఒకటే వీధి. టోపీలు, గవ్వలు, ఫ్రిజ్‌కి అంటించే బొమ్మలు అమ్మే దుకాణాలు, వాటి మధ్య మా ఇటాలియన్ హోటల్. పద్నాలుగు టేబుళ్లు, వాటి మీద ఎర్ర గళ్ల కాగితాలు, ఒక్కో టేబుల్‌కి ఓ బుట్టెడు రొట్టె ముక్కలు. జనం తడి చెప్పులతోనే వచ్చి కూర్చుంటారు, పిల్లల కాళ్లనుంచి ఇసుక రాలుతుంది. యజమానిని అందరం కెప్టెన్ అంటాం. ఓడ నడిపినవాడేం కాదు, ఓడలో వంట చేసినవాడు. ఆ తేడా ఎవరూ ఆయన ముందు ఎత్తరు.

వంటగదికీ హాలుకీ మధ్య ఒక కిటికీ ఉంటుంది. ఆర్డర్ అటునుంచి చీటీ మీద వస్తుంది, ప్లేటు ఇటునుంచి వెళ్తుంది. ఉప్పు తగ్గించమనో, ఉల్లిపాయ వద్దనో అంటే మాత్రం వెయిటర్లు కిటికీలో తల పెట్టి నోటితో చెప్పాల్సిందే. అవన్నీ మిషన్లో కొడుతూ కూర్చుంటే సీజన్లో వరస కదలదని కెప్టెన్ రూలు. అందుకే అలాంటివేవీ కాగితం మీద మిగలవు.

ఆ రోజు పన్నెండు నుంచి మూడు దాకా ఊపిరి సలపలేదు. పిజ్జా పొయ్యి దగ్గర ఒకతను, మిగతా రెండు పొయ్యిల మీద నేనొక్కణ్ణే. పదకొండో టేబుల్ వీధివైపు అద్దం పక్కనుంటుంది. అమ్మ, నాన్న, నాయనమ్మ, పాప. నాయనమ్మ సూపు చల్లగా ఉందని రెండుసార్లు వెనక్కి పంపింది. పాపేమో ఆకుపచ్చ పాస్తాయే కావాలని పేచీ పెట్టింది. ఆ ఆకుపచ్చ సాస్‌ను పెస్టో అంటారు, అందులో తులసిలాంటి ఒక ఆకుతోపాటు జీడిపప్పు నూరతాం. మెనూలో కూడా అలాగే రాసి ఉంటుంది, దాచిందేమీ లేదు.

ఆ హడావిడిలో ఎవరేం చెప్పారో నాకు గుర్తు లేదు. బావ చెప్పి ఉండొచ్చు, చెప్పకపోయి ఉండొచ్చు.

పదకొండు రోజులు మూసి హోటల్ మళ్లీ తెరిచారు. ఆకుపచ్చ పాస్తా తీసేశాం. కెప్టెన్ నన్ను పెద్ద వంటవాణ్ని చేశాడు. నీకు చెప్తే సంతోషిస్తావో లేదో తెలియక చివర్లో రాస్తున్నాను.

తమ్ముడు


లాయరు ఆఫీసు, బయటి బెంచీ
జనవరి 29

తమ్ముడికి,

నాలుగు పేజీలు రాశావు. మూడున్నర పేజీలు వీధి గురించీ, హోటల్ గురించీ. అసలు సంగతి దగ్గరికొచ్చేసరికి నీళ్లు నమిలావు.

ఇవాళ మీ బావ తరఫు లాయరు నాకు ఒక కాగితం చూపించాడు. డిసెంబర్ ఇరవై రెండు, సాయంత్రం ఐదున్నరకు నువ్విచ్చిన వాంగ్మూలం. "వెయిటర్ నాకు ఏమీ చెప్పలేదు. రోజూ చేసే సాస్‌తోనే పాస్తా పంపాను." కింద నీ సంతకం. నీ సంతకం నాకు తెలియనిది కాదు, నీ ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం పెట్టడం నేర్పింది నేనే.

రోజులు గడిస్తే ఎవరికైనా మరుపు వస్తుంది. కానీ నీకు ఆ సాయంత్రం అంత కచ్చితంగా గుర్తున్నది, నాకు రాసేసరికి మరుపు ఎలా వచ్చింది? చెప్పలేదని వాళ్లకు చెప్పిన నోరు, నాకు మాత్రం చెప్పి ఉండొచ్చు అంటోంది.

ఇంకొకటి. పాప పేచీ పెట్టిందని రాశావు. నువ్వు గోడకు ఇవతల, రెండు పొయ్యిల మధ్య ఉన్నావు. పదకొండో టేబుల్ దగ్గర పిల్ల పేచీ పెట్టిన సంగతి నీకు ఎవరు చెప్పారు?

బెయిలు రెండోసారి కూడా ఇవ్వలేదు. వేరే ఊరి మనిషి, పారిపోతాడట. వాచిన కాళ్లతో ఎక్కడికి పారిపోతాడో వాళ్లే చెప్పాలి.

తొమ్మిదేళ్ల కిందట నువ్వు మూడు ఉద్యోగాలు మానేసి మా ఇంట్లో మంచం మీద పడుకుని ఉంటే, వీడి చేతికి రుచి ఉంది, ఒక్క నెల చూడండి అని మీ కెప్టెన్ చుట్టూ తిరిగింది మీ బావ. దెప్పుతున్నాననుకుంటే దెప్పుతున్నాననే అనుకో.

అక్క


హోటల్ వంటగది
ఫిబ్రవరి 8

అక్కా,

నువ్వు అక్కలా రాయడం లేదు, స్టేషన్లో కూర్చోబెట్టి అడిగినట్టు రాస్తున్నావు. పిల్ల పేచీ సంగతి తర్వాత అందరూ అనుకుంటుంటే విన్నాను. ఆ మాత్రానికే నన్ను దొంగను చేశావు. మొగుడి మాట వేదం, తోడబుట్టినవాడి మాట నీటిమూట.

బావకు నలభై ఎనిమిదేళ్లు. ఆ రోజు పొద్దున ఎనిమిది నుంచి నిలబడే ఉన్నాడు. ఒక టేబుల్ వాళ్లు చెప్పింది ఇంకో టేబుల్ దగ్గరికి వెళ్లేలోపు మరిచిపోవడం ఎవరికైనా జరుగుతుంది. మరిచిపోయానని ఒప్పుకుంటే జడ్జి కనికరిస్తాడనీ, శిక్ష తక్కువ పడుతుందనీ కెప్టెన్ లాయరు అన్నాడు. చెప్పాను, చెప్పాను అని పట్టుబట్టి కూర్చుంటే కేసు సాగుతూనే ఉంటుందట.

నువ్వు చెప్తే బావ వింటాడు. ఒప్పుకోమను. అందరికీ అదే మంచిది. ఆయన లేనన్నాళ్లూ నిన్నూ పిల్లనూ నేను చూసుకుంటాను. నా మాట మీద నీకు నమ్మకం లేకపోతే ఇంకేం రాయను.

తమ్ముడు


ఇల్లు
ఫిబ్రవరి 20

తమ్ముడికి,

నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. మరిచిపోయానని ఒప్పుకుంటే అందరికీ మంచిదట అన్నాను.

ఆయన వంగి వాచిన కాళ్లు రుద్దుకున్నాడు. తర్వాత, వాడికి చెప్పి రొట్టె బుట్ట కోసం అక్కడే నిలబడ్డాను, మిక్సీ తిరిగిన చప్పుడు విన్నాను అన్నాడు.

మిక్సీ సంగతి లాయరును అడిగాను. ఆయన మీ పిజ్జా పొయ్యి అతన్ని అడిగాడు. ఆకుపచ్చ సాస్ పొద్దున తొమ్మిదింటికి ఒక్కసారే చేస్తారట. మధ్యాహ్నం మిక్సీ వేసే పనే ఉండదట. మరి ఆ రోజు వేశారా అని అడిగితే అతను పిండి తెచ్చుకోవాలని లోపలికి వెళ్లిపోయాడట.

పరీక్ష రిపోర్టు కూడా వచ్చింది. పాప ప్లేటులో మిగిలిన పాస్తాలో జీడిపప్పు ఉంది. కానీ చాలా తక్కువ. మీ కెప్టెన్ ఇచ్చిన కొలతల ప్రకారం ఉండాల్సినదాంట్లో పదో వంతు కూడా లేదు. రోజూ చేసే సాసే పంపానని నువ్వు సంతకం పెట్టావు. రోజూ చేసే సాస్ అయితే మిగతా తొమ్మిది వంతుల పప్పు ఏమైంది?

రెండే అడుగుతున్నాను. ఆ మధ్యాహ్నం మిక్సీ ఎందుకు వేశావు? పప్పు అంత తక్కువ ఎందుకుంది? జవాబు రాయకపోయినా పర్వాలేదు. అబద్ధం మాత్రం రాయకు.

అక్క


నా గది
మార్చి 4

అక్కా,

బావ విన్నది నిజం. మిక్సీ వేశాను.

రెండుకు ఐదు నిమిషాలు తక్కువ. బావ కిటికీలో తల పెట్టాడు. "పదకొండులో పాపకి జీడిపప్పు పడదట, తింటే ఊపిరాడదట. అదేమో ఆకుపచ్చదే కావాలని పేచీ. పప్పు లేకుండా విడిగా చేసిపెడతావా?" అన్నాడు. ఐదు నిమిషాలు అన్నాను. నీ ఐదు నిమిషాలు నాకు తెలుసు, వాళ్లకి పది అని చెప్తాలే అని నవ్వాడు.

మిక్సీ గిన్నె సబ్బుతో రెండుసార్లు కడిగాను. కూరలు తరిగే పలక కడిగాను, కత్తి కడిగాను, చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాను. కొత్త ఆకు తుంచాను. వెల్లుల్లి, చీజ్, నూనె వేశాను. పప్పు డబ్బా వైపు కూడా వెళ్లలేదు. ఇదంతా నిజం.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కెప్టెన్ ఓడలో నేర్చుకుని వచ్చింది. కొత్తగా నూరిన సాస్‌లో పాత సాస్ డబ్బాలోంచి ఒక గరిటె కలపాలి, పాలకు తోడు వేసినట్టు. రుచి రోజుకో రకంగా పోకుండా నిలబడుతుందని ఆయన నమ్మకం. హోటల్ పెట్టినప్పటినుంచీ ఆ డబ్బా అడుగు కనబడలేదని వచ్చినవాళ్లకు గొప్పగా చెప్తాడు. దాన్ని మేం పాత గరిటె అంటాం. తొమ్మిదేళ్లుగా పాత గరిటె వెయ్యకుండా నా చెయ్యి మిక్సీ మూత పెట్టలేదు.

ఆ మధ్యాహ్నం కూడా పెట్టలేదు.

పప్పు ఉందని తెలిసి వేశానా అంటే లేదు. మరిచిపోయి వేశానా అంటే ఏం చెప్పాలో తెలియడం లేదు. వెయ్యడం ఒక్కటే మరిచిపోలేదు.

ప్లేటు కిటికీలో పెడితే, ఇది పాపదేనా అని బావ మళ్లీ అడిగాడు. పాపదే అన్నాను. కాసేపటికి హాల్లో కుర్చీ పడిన చప్పుడైంది. బావ పరుగున వచ్చి, పప్పు వెయ్యలేదు కదా అన్నాడు. లేదు అన్నాను. అప్పటికి నాకు అదే నిజం. ఆయన వెళ్లి ఆ మాటే వాళ్లకు చెప్పాడు. గొంతుకు అడ్డం పడిందనుకుని పాప వీపు చరిచారు. అంబులెన్సు కోట గుమ్మం దగ్గరే ఆగిపోయింది, వీధి నిండా జనం. స్ట్రెచర్ మోసుకుని వచ్చేసరికి రెండూ నలభై.

వాళ్లు వెళ్లాక మిక్సీ కడగబోతే, పక్కన పాత డబ్బా మూత తీసి ఉంది. గరిటె అందులోనే ఉంది.

జరిగింది చెప్తే కెప్టెన్ డబ్బా తీసుకెళ్లి తొట్లో వంచి వేడినీళ్లు పోశాడు. తర్వాత చాలా నెమ్మదిగా చెప్పాడు. "నువ్వు విన్నావంటే, తెలిసి వండినవాడివి నువ్వే. వినలేదంటే, రోజూ చేసే పని చేశావు. పోలీసులు ఐదింటికి వస్తారు." నేను ఆలోచించుకుంటానని కూడా అనలేదు.

నా ఫోన్ పోలీసుల దగ్గర లేదు. దిండు కింద ఉంది. నువ్వు వచ్చిన రోజు నేను గదిలోనే ఉన్నాను. బయటినుంచి తాళం వెయ్యమని పక్కగది అతన్ని అడిగాను. నువ్వు కిటికీలోంచి చూస్తున్నప్పుడు కిటికీ కిందే, గోడకు ఆనుకుని కూర్చున్నాను. తర్వాత గంటసేపు మెట్ల మీద నీ దగ్గు వింటూనే ఉన్నాను.

కోర్టుకు వచ్చి ఈ మాటలు నోటితో చెప్పలేను. ఈ ఉత్తరం నీ దగ్గర పెట్టుకో. ఎవరికివ్వాలో నీ ఇష్టం.

తమ్ముడు


కళ్లజోళ్ల దుకాణం, వెనక గది
మార్చి 12

తమ్ముడికి,

నీ ఉత్తరం దీంతోపాటు తిప్పి పంపుతున్నాను.

లాయరు రెండుసార్లు చదివాడు. రెండోసారి కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు, ఆయనకు ఎడమ అద్దం పవరు మార్చాలి. ఇది చాలదమ్మా అన్నాడు. ముద్దాయి భార్యకు ఆమె తమ్ముడు రాసిన ఉత్తరం ఇది. ఇంటిల్లిపాదీ కూర్చుని రాసుకున్నారని అవతలివాళ్లు ఒక్క మాటతో కొట్టిపారేస్తారట. మనిషే వచ్చి, నిలబడి చెప్పాలట.

చాలదని తెలిశాక నాకు ఒకరకంగా తేలికైంది. ఉత్తరం చాలితే నిన్ను లోపలికి పంపింది నేనయ్యేదాన్ని. నువ్వు అదే అనుకుని రాశావేమో కూడా. నీ బరువు నా చేతిలో పెట్టి నీ ఇష్టం అన్నావు. నా ఇష్టం ఏమీ లేదు.

మీ బావకు ఇనుప జాలీ ఇవతలనుంచి చదివి వినిపించాను. గరిటె దగ్గర ఆపి మళ్లీ చదవమన్నాడు. పన్నెండో టేబుల్ వాళ్లు బిల్లు అడక్కపోతే నేను కిటికీ దగ్గరే ఉండేవాణ్ని, చూసి ఆపేవాణ్ని అన్నాడు. ఆయనేమో తప్పు తనవైపు లాక్కుంటున్నాడు. మీ ఇద్దరిలో ఒకరైనా అలా చేస్తున్నందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

నిన్ను క్షమించానో లేదో రాయను. నాకే తెలియదు.

మార్చి 26, ఉదయం పదిన్నర. కోర్టు రెండో అంతస్తు, ఎడమవైపు చివరి గది. వస్తే రెండు జతల బట్టలు తెచ్చుకో. బెల్టు వద్దు, తీసేసుకుంటారు. బొందు ఉన్న పైజామా కూడా వద్దు, ఎలాస్టిక్‌ది తెచ్చుకో. చెప్పుల్లో మేకులు ఉండకూడదు. పళ్లు తోముకునే బ్రష్ అక్కడ అమ్మరు. ఇవన్నీ నేను మూడు నెలల్లో ఒక్కొక్కటిగా తెలుసుకున్నవి.

రాకపోతే ఇక ఉత్తరాలు వద్దు.

అక్క


జైలు, రెండో బ్లాకు
మార్చి 29

అక్కా,

ఎలాస్టిక్ పైజామా మంచి మాట చెప్పావు. నాతోపాటు వచ్చినతను బొందు తీసేసుకుంటే పైజామా చేత్తో పట్టుకునే తిరుగుతున్నాడు.

జడ్జి ముందు నేను చెప్పింది నువ్వు విన్నావు. బావ చెప్పాడనీ, నేను విడిగా చేశాననీ, పాత గరిటె వేశాననీ చెప్పాను. రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ చెప్పాను. బావ బోనులోంచి దిగి నా పక్కనుంచే వెళ్లాడు. ఆయన భుజం నాకు తగిలింది. కావాలనే తగిలించాడో, అక్కడ ఇరుకుగా ఉండో తెలియదు. ఇంటికి వచ్చాక ఆయనంతట ఆయన ఎత్తేదాకా నా సంగతి ఎత్తకు.

ఈ ఉత్తరం రాస్తున్నది నువ్వు చూడని దాని గురించి. బావ విడుదల కాగితాల కోసం నువ్వు లాయరుతో కిందికి వెళ్లావు. నన్ను వరండాలో బల్లమీద కూర్చోబెట్టి ఇద్దరు పోలీసులు పక్కన నిలబడ్డారు. పాప అమ్మ వచ్చింది. వెనక భర్త ఉన్నాడు. కొడుతుందనుకున్నాను. పోలీసు కూడా అలాగే అనుకుని కాస్త ముందుకు జరిగాడు.

ఆవిడ కొట్టలేదు. చాలా మామూలుగా అడిగింది.

"పాప పడిపోయాక వెయిటరు మీ దగ్గరికొచ్చి అడిగాడా? నిజంగా అడిగాడా?"

అడిగాడు అన్నాను.

"మీరు పప్పు లేదన్నారా?"

అన్నాను అన్నాను.

ఆవిడ నా వైపు నుంచి భర్త వైపు తిరిగింది. "చూశారా. అతను ఊరికే చెప్పలేదు, లోపలికెళ్లి అడిగే వచ్చి చెప్పాడు. అందుకే నేను సూది తియ్యలేదు" అంది.

భర్త మెట్ల వైపు నడిచాడు. ఆవిడ వెంట వెళ్లలేదు, కాసేపు ఆ బల్ల చివర, నాకు రెండు మూరల దూరంలో కూర్చుంది.

పోలీసును అడిగితే అతను చెప్పాడు. అలాంటి పిల్లలున్నవాళ్లు ఒక ఇంజెక్షన్ ఎప్పుడూ దగ్గర పెట్టుకుంటారట. తొడలో పొడిస్తే ఊపిరి తిరుగుతుందట. ఆ రోజు అది ఆవిడ బ్యాగులోనే ఉందట. పప్పు లేదు, గొంతుకు అడ్డం పడింది అనుకుని వీపు చరుస్తూ ఉండిపోయారు. మూడు నెలలుగా ఆ ఇంట్లో ఆవిణ్ని ఎవరేం అంటున్నారో అతను చెప్పకుండానే నాకు అర్థమైంది.

జడ్జి ముందు నేను గరిటె దాకానే చెప్పాను అక్కా. బావ రెండోసారి వచ్చి అడిగాడనీ, నేను లేదన్నాననీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు, నేనూ ఎత్తలేదు. నీకు రాసిన ఉత్తరంలో మాత్రమే ఉంది, ఆ ఉత్తరం నువ్వు తిప్పి పంపావు, నేను చించేశాను.

వచ్చే వాయిదా ఏప్రిల్ 16. ఇంకొకటి చెప్పాల్సి ఉందని లాయరుతో చెప్పు. ఆ రోజు పాప అమ్మను కూడా రమ్మనమను. ఆవిడ భర్తను తప్పకుండా రమ్మనమను.

తమ్ముడు